చలి తగ్గింది, పురుగు వేళ మారింది: సరిహద్దు తాలూకాల రైతులు మీ చేలల్లో చూసింది చెప్పండి

గోదావరి_గట్టు (సిరోంచ)

అందరికీ నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. పత్తి, మిర్చి, కొంత వరి వేస్తాం. ఈ మధ్య చలికాలంలో మొక్కజొన్న కూడా పెడుతున్నాం. మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. పత్తిని ఇక్కడే వ్యాపారులు కొంటారు.

మా నాయన సేద్యం చేసిన రోజుల్లో పురుగుకు ఒక వేళ ఉండేది. ముసురు పట్టి మబ్బు విడవకపోతే వరిలో ఉల్లికోడు వచ్చేది, దసరా దాటాక దోమ పడేది, పత్తి పూత మీద పచ్చ పురుగు వచ్చేది. డిసెంబరులో చలి ముదిరితే ఏ పురుగైనా నెమ్మదించేది. ఆ లెక్క చూసుకునే మందు కొనేవారు. అవసరం లేదనిపిస్తే కొనకుండా ఊరుకునేవారు.

ఇప్పుడు ఆ లెక్క కుదరడం లేదు. 2021 చివర్లో మిర్చి పూతలో నల్ల తామర పురుగు పడింది. అంతకుముందు మా వైపు దాని పేరే వినలేదు. పూత పూతగానే రాలిపోయింది. జనవరిలో కూడా మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగు కనిపిస్తోంది. పత్తిలో గులాబీ పురుగు సంగతి అందరికీ తెలిసిందే. కొట్టులో ఇచ్చే మందుల చార్టు మాత్రం మారలేదు. విత్తిన 20 రోజులకు ఒక మందు, 35 రోజులకు ఇంకొకటి, 50 రోజులకు మరొకటి. పురుగు ఉన్నా లేకున్నా కొట్టడమే.

ఇదంతా వాతావరణం మారడం వల్లేనా? వేరే కారణాలు కూడా ఉన్నాయా? ఏది దేనివల్ల జరుగుతోందో తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కిన్వట్, రాజురా, పాండర్‌కవడా వైపు వాళ్లు, ఒడిశా అంచున ఉన్నవాళ్లు మీ దగ్గర చూసింది రాయండి.


పెన్‌గంగ_పత్తి (కిన్వట్, నాందేడ్ జిల్లా)

అన్నా, మంచి ముచ్చట ఎత్తావు. కానీ గులాబీ పురుగును వాతావరణం ఖాతాలో వేస్తే నేను ఒప్పుకోను.

వరస చూడు. పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని బయటపడింది. 2017లో మహారాష్ట్ర అంతటా కాయలు పగిలేసరికి లోపల పురుగే. ఇన్నేళ్లలో వాన, ఎండ మారి ఉండొచ్చు. పురుగు గెలిచింది మాత్రం బీటీ విషానికి అలవాటు పడి.

అలవాటు పడనిచ్చిందెవరు? బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేయాలి. మామూలు పత్తి మీద బతికిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో కలిసి తట్టుకునే గుణం పలచబడాలని దాని ఉద్దేశం. మా వైపు దాన్ని సరిగ్గా వేసిన చేను చాలా అరుదు. ఎందుకు వేయాలో రైతుకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు అంతకన్నా అరుదు. అమ్మేటప్పుడు "పురుగు రాదు" అన్నారు, అంతే.

రెండోది ఫర్దడ్. నీళ్లున్నవాళ్లు డిసెంబరులో పత్తి తీసేయకుండా ఇంకో తడి ఇచ్చి ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచుతారు. నాలుగు క్వింటాళ్లు ఎక్కువ వస్తాయని ఆశ. ఆ కాయల్లోనే పురుగు తిని, జంట గింజల్లో నిద్రకు పోయి, మళ్లీ వచ్చే పంటకు లేస్తుంది. ఇందులో వాతావరణం ఏం చేసింది?


గోదావరి_గట్టు (సిరోంచ)

విత్తనం విషయంలో నీతో ఏకీభవిస్తాను తమ్మీ. నా ప్రశ్న అందుకే. అన్నిటినీ ఒకే మూట కట్టకుండా విడదీసి చూడాలి.


కీటకశాస్త్రం_అకోలా

నమస్తే. మాది రాజురా తాలూకా. అకోలాలోని డాక్టర్ పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ కృషి విద్యాపీఠంలో చదువుతున్నాను. పెన్‌గంగ అన్న చెప్పింది నిజం. గులాబీ పురుగు బీటీని తట్టుకోవడం వాతావరణ సమస్య కాదు. కానీ తట్టుకున్న పురుగు ఒక ఏడాదిలో ఎన్ని తరాలు పెడుతుంది, ఎప్పుడు లేస్తుంది అన్నది వేడిని బట్టే ఉంటుంది. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, పెద్దగా ఉన్నా చదవండి.

మన ఒంటి వేడి ఎండకైనా చలికైనా ఒకేలా ఉంటుంది. పురుగుకు అలా కాదు. బయట ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. అందుకే ప్రతి పురుగుకూ ఒక కింది హద్దు ఉంటుంది. అంతకన్నా చల్లబడితే దాని ఎదుగుదల ఆగిపోతుంది. ఆ హద్దుకు పైన ఎన్ని డిగ్రీలు ఉంటే అన్ని డిగ్రీలు, పొదుపు సంఘంలో రోజువారీ జమలాగా, కూడుతూ పోతాయి. జమ నిండిన రోజు గుడ్డు నుంచి మొదలైన పురుగు రెక్కల పురుగై ఎగురుతుంది.

కత్తెర పురుగు లెక్క చూద్దాం. దాని కింది హద్దు సుమారు 12.5 డిగ్రీలు. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా నిండాల్సిన జమ సుమారు 390. ఇప్పుడు చలికాలంలో రాత్రి, పగలు కలిపి సగటు 20 డిగ్రీలు అనుకోండి. రోజుకు 7.5 జమ. 390 నిండటానికి 52 రోజులు. అదే చలికాలం 2 డిగ్రీలు వెచ్చబడి సగటు 22 అయితే రోజుకు 9.5 జమ, 41 రోజుల్లో నిండుతుంది. పదకొండు రోజులు తగ్గాయి.

వాన తగ్గి వేడెక్కిన రోజుల్లో సగటు 28 ఉంటే 25 రోజులు పడుతుంది. అది 30 అయితే 22 రోజులు. ఇక్కడా పెరిగింది 2 డిగ్రీలే, తగ్గింది మాత్రం మూడు రోజులే.

గోదావరి అన్న జనవరిలో సుడిలో పురుగు చూస్తున్నానన్నారు కదా, దానికి ఈ లెక్కలోనే జవాబు ఉంది. ఎండాకాలం ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే అందరం మాట్లాడుకుంటాం, పేపర్లో వస్తుంది. చలికాలం రెండు డిగ్రీలు పెరిగితే హాయిగా ఉంది అనుకుంటాం. పురుగుకు ఎక్కువ లాభం మాత్రం ఆ రెండో దానివల్లే. చలి రాత్రుల్లో రెక్కల పురుగులు ఎగరడం, జత కట్టడం, గుడ్లు పెట్టడం మందగిస్తాయి. రాత్రి వెచ్చగా ఉంటే ఆ పనులేవీ ఆగవు.

ఇంకో మాట. కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో, 2018 మేలో మన దేశంలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర బయటపడింది. ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల దాకా ఎగరగలదు. కాబట్టి అది ఇక్కడికి రావడం వాతావరణం పని అనలేం. వచ్చాక మన చలికాలం కూడా దానికి సరిపోవడం మాత్రం వాతావరణం పనే.


రాజురా_చేను

మరి మన చంద్రపూర్ ఎండ 46, 47 పోతుంది కదా సార్. ఆ వేడికి పురుగు చావాలి కదా?


కీటకశాస్త్రం_అకోలా

సార్ అనకండి అన్నా, చిన్నవాడినే. చాలా పురుగులకు 35 దాటితే కష్టమే. గుడ్లు పగలవు, పిల్ల పురుగులు చస్తాయి. కానీ మేలో చేలో ఉండేది ఎక్కువగా మట్టిలో గూడు కట్టుకున్న దశ. నాలుగు అంగుళాల లోపల నేల అంత కాలదు. అందుకే ఎండాకాలం దుక్కి లోతుగా దున్నమంటారు. గూళ్లు పైకి వచ్చి ఎండకు మాడతాయి, కొంగలు, కాకులు ఏరుకుతింటాయి. మన ఎండ మనకు చేసే మేలు అదొక్కటే, దాన్ని వాడుకోవాలి.


రాజురా_చేను

అర్థమైంది. ఈ మాట మీదే మిడతల సంగతి గుర్తు చేస్తాను. 2020 మే నెలాఖరున అమరావతి, వర్ధా, నాగ్‌పూర్ జిల్లాల్లో మిడతల దండు దిగింది. మా దగ్గర, ఆదిలాబాద్ వైపు కూడా అప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో! రాత్రి డప్పులు, ట్రాక్టర్లు సిద్ధం పెట్టుకున్నాం. గాలి మళ్లి అవి మా దాకా రాలేదు.

అంతా అయ్యాక ఎక్కడ పుట్టాయో చదివాను. 2018లో మెకును, లుబాన్ అని రెండు తుఫాన్లు ఒకే ఏడాది అరేబియా ఎడారి మీద పడ్డాయి. ఎన్నడూ తడవని ఇసుక తడిసి గడ్డి మొలిచింది. అక్కడ కంటికి కనపడకుండా మిడతలు తరం మీద తరం పెరిగి ఆఫ్రికా, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా మనదాకా వచ్చాయి. ఎక్కడో అరేబియా సముద్రం వేడెక్కితే విదర్భలో నారింజ తోటల వాళ్లు పళ్లేలు మోగించాల్సి వచ్చింది. మన చేలో మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలాంటిది మన చేతిలో లేదు. దాన్ని కనిపెట్టాల్సింది, చెప్పాల్సింది ప్రభుత్వాలే.


మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)

మాది గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాకు పత్తి తక్కువ, వరే ప్రాణం. మా దగ్గర పెద్ద శత్రువు సుడిదోమ. ఒడియా వాళ్లు చకడా పోక అంటారు. 2017లో బర్‌గఢ్ వైపు ఆ దోమ పడి కోతకొచ్చిన వరికి రైతులే నిప్పు పెట్టుకున్నారు. ఆ ఫొటోలు చూసి మా ఊళ్లో పెద్దవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు.

మరుసటి ఏడాది అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా మీదుగానే పోయింది. నేను అప్పుడు గమనించింది చెప్తాను. వాన వెలిశాక పడిపోయిన వరిని లేపాలని అందరూ యూరియా చల్లారు. నీళ్లు పోయే దారి లేదు. చేను అడుగున గాలి ఆడదు, ఉక్క. ఆకు ముదురు పచ్చగా, మెత్తగా. దోమకు ఇంతకన్నా ఏం కావాలి? పైనుంచి చూస్తే చేను బాగుందనిపిస్తుంది, మొదళ్లు విడదీసి చూస్తే గోధుమ రంగు మూకలు. వారం తిరిగేసరికి గుండ్రంగా సుడులు సుడులుగా మాడిపోయింది.

తుఫాను దోమను తీసుకురాలేదు. తుఫాను తర్వాత మనం చేసే పనులు దోమకు ఇల్లు కట్టి ఇచ్చాయి. తుఫాన్లు, అకాల వానలు పెరిగితే ఈ పరిస్థితి మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే ఇప్పుడు నాట్లలోనే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదులుతున్నాం. నీళ్లు తీసి ఆరబెట్టే కాలువ ముందే తీసుకుంటున్నాం. దోమకు తేలిగ్గా లొంగే స్వర్ణ రకం వరి తగ్గించి ఎంటీయూ 1001 లాంటి రకాలు వేసేవాళ్లు పెరిగారు. ఒకే రకం ఊరంతా ఏళ్ల తరబడి వేస్తే దోమ దానికీ అలవాటు పడుతుంది. కాబట్టి రకాలు మారుస్తూ ఉండాలి.


అంకీసా_అక్క (సిరోంచ తాలూకా)

తమ్ముడూ పర్లాకిమిడి, మా దగ్గర కూడా అదే. ఇక్కడ మరాఠీ వాళ్లు తుడ్‌తుడే అంటారు. మీరు చెప్పనిది ఒకటి కలుపుతాను. నాట్లేసిన నెలకే ఆకుముడత కనపడిందని ఘాటు మందు కొట్టిన చేలల్లోనే తర్వాత దోమ ఎక్కువ. మా పక్క మడిలో మందు కొట్టలేదు, సాలీళ్లు నిండుగా ఉన్నాయి, అక్కడ దోమ పెరగలేదు. ఇది నేను ఒక్క ఏడాది చూసి చెప్తున్నది కాదు.


కీటకశాస్త్రం_అకోలా

అక్కా, మీరు చూసింది శాస్త్రం కూడా ఒప్పుకుంటుంది. సాలీళ్లు, మిరిడ్ నల్లి దోమ పిల్లల్ని, గుడ్లను తింటాయి. తొలి దశలో సింథటిక్ పైరిథ్రాయిడ్ లాంటి మందులు కొడితే ముందు ఇవి పోతాయి. దోమ మళ్లీ లేస్తుంది, ఇవి లేవవు.

మేలు చేసే పురుగులకు వేడి కూడా ఇబ్బందే. కాండం తొలుచు పురుగు గుడ్ల మీద వదిలే ట్రైకోగ్రామా చిన్న పరాన్నజీవి. 35 డిగ్రీలు దాటిన వేడిలో దాని పని బాగా తగ్గుతుంది. ట్రైకో కార్డులు (ఆ పరాన్నజీవి ఉన్న అట్టలు) పెట్టేవాళ్లు సాయంత్రం పూట, ఆకుల నీడలో పెట్టాలి. అలాగే తడి వాతావరణంలో లద్దె పురుగులకు ఒక బూజు తగులుతుంది. సోయా చేలల్లో, మొక్కజొన్నలో తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బిగుసుకుపోయిన పురుగుల్ని చూసే ఉంటారు. అది మనకు పైసా ఖర్చు లేని మందు. వానల మధ్య ఎడం పెరిగి మూడు వారాలు ఎండు పడితే ఆ బూజు రాదు, పురుగు మిగిలిపోతుంది.


పాఠశాల_పాండర్‌కవడా (యవత్మాళ్ జిల్లా)

నేను టీచర్‌ని, ఇంటి సేద్యం తమ్ముడు చూస్తాడు. ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

2017 ఖరీఫ్‌లో మా యవత్మాళ్ జిల్లాలో మందు కొడుతూ విషం ఎక్కి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కళ్లు కనపడని వాళ్లు, వాంతులతో స్పృహ తప్పినవాళ్లు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. పంపు పైకెత్తి కొడితే మందు మొహం మీదే పడింది. సెప్టెంబరు, అక్టోబరులో ఉక్కపోత. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. ఎక్కువమంది కూలికి కొట్టినవాళ్లు.

పురుగు తరాలు పెరుగుతాయి, తరం కాలం తగ్గుతుంది అని మీరు లెక్క చెప్తుంటే నాకు ఇదే గుర్తొస్తోంది. ప్రతి అదనపు తరానికి చార్టులో ఇంకో రెండు మందులు చేరతాయి. వేడి పెరిగేకొద్దీ చేతి తొడుగులు, మాస్కు, నిండు చొక్కా వేసుకుని కొట్టడం ఇంకా కష్టం అవుతుంది. 38 డిగ్రీల్లో ప్లాస్టిక్ కోటు ఎవరు వేసుకుంటారు? వాతావరణం మారడం అంటే మా జిల్లాలో ముందు దెబ్బ తినేది పంపు మోసే కూలీ. పంట నష్టానికి పంచనామా ఉంది. కూలీ ఊపిరితిత్తులకు ఏముంది?

దయచేసి ఈ థ్రెడ్‌లో ఎవరైనా మందు పేరు రాస్తే, పక్కన ఉదయం కొట్టాలా, సాయంత్రమా, గాలి ఎటు ఉండాలి, ఏది దేనితో కలపకూడదు అన్నది కూడా రాయండి.


విత్తనాల_కొట్టు (సిరోంచ)

నేను లైసెన్స్ కొట్టు నడుపుతాను. చార్టు గురించి గోదావరి బావ రాసింది చదివాను. ఆ చార్టులు కంపెనీల వాళ్లు అచ్చువేసి ఇస్తారు. ఎక్కడో తయారవుతాయి, మన తాలూకా వాన వాటికి తెలియదు. రైతు వచ్చి "20 రోజులైంది, ఏదైనా ఇవ్వు" అంటాడు. నేను "చేను చూశావా, ఏముంది?" అని అడిగితే పక్క కొట్టుకు పోతాడు. ఇది రెండు వైపుల నుంచీ మారాలి.

నా వైపు నుంచి ఒకటి చేస్తాను. పురుగు పట్టిన ఆకో, పువ్వో, కాయో తెస్తేనే మందు చెప్తాను. కనీసం ఫోన్‌లో ఫొటో తీసుకురండి. టీచర్ గారు చెప్పినట్టు కలపకూడనివి కాగితం మీద తెలుగులో, మరాఠీలో రాసి గోడకు అంటిస్తాను.


గోదావరి_గట్టు (సిరోంచ)

బావా, అది చేస్తే చాలా మేలు. టీచర్ గారూ, మీరు రాసింది చదివి ఇంట్లో అందరికీ వినిపించాను. మా దగ్గర పంపు కొట్టడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు తెలుగూ మరాఠీ రెండూ అంతంతమాత్రమే. సీసా మీద రాసింది ఎవరూ చదివి చెప్పరు.

అకోలా తమ్మీ, ఒక ప్రశ్న. చదువుకున్నవాళ్లు ఇది ముందు ముందు ఎంత పెరుగుతుందని అంటున్నారు?


కీటకశాస్త్రం_అకోలా

2018లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. ప్రపంచం సగటున ఒక్కో డిగ్రీ వేడెక్కినప్పుడల్లా వరి, మొక్కజొన్న, గోధుమల్లో పురుగుల వల్ల పోయే పంట 10 నుంచి 25 శాతం పెరుగుతుందని అంచనా వేశారు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. మొత్తం పంటలో 25 శాతం పోతుందని కాదు. ఇప్పుడు పురుగుకు పోతున్న భాగం అంత పెరుగుతుందని. వందలో పది పోతుంటే పదకొండో, పన్నెండున్నరో పోతాయన్నమాట.

ఇంకో సంగతి. ఆ దెబ్బ ఎక్కువగా చల్లని దేశాల గోధుమకు. మన లాంటి వేడి ప్రాంతాల్లో పురుగులు ఇప్పటికే తమకు నచ్చే వేడికి దగ్గరగా బతుకుతున్నాయి. ఇంకా వేడెక్కితే కొన్నింటి సంఖ్య తగ్గొచ్చు కూడా. అందుకే "వేడి పెరిగితే అన్ని పురుగులూ పెరుగుతాయి" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన దగ్గర కాలాలు తారుమారు కావడం, చలి తగ్గడం, వానల మధ్య ఎడం పెరగడం ఎక్కువ ముఖ్యం. అంతకుముందు 2013లో వచ్చిన ఇంకో అధ్యయనం, 1960 నుంచి పంట తెగుళ్లు, పురుగులు సగటున ఏడాదికి 2.7 కిలోమీటర్ల చొప్పున ధ్రువాల వైపు జరుగుతున్నాయని లెక్కగట్టింది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు చాలా మొక్కల ఆకుల్లో నత్రజని శాతం తగ్గుతుంది. ఆకులో బలం తక్కువైతే పురుగు అదే బలం కోసం ఎక్కువ ఆకు తింటుంది. ఇది ప్రయోగశాలల్లో చాలాసార్లు చూశారు. చేలో దీన్ని విడిగా పట్టుకోవడం కష్టం.


పెన్‌గంగ_పత్తి (కిన్వట్, నాందేడ్ జిల్లా)

తమ్మీ, చలి లెక్క నాకు బాగా ఎక్కింది. ఇప్పుడు నా మొదటి మాటకు ఒకటి కలుపుతాను.

2025లో రుతుపవనాలు మే 24నే కేరళ తాకాయి, 26కల్లా ముంబైలో ఉన్నాయి. మా దగ్గర కూడా మేలోనే వానలు. ఆ తడి చూసి చాలామంది పత్తి పెట్టేశారు. తర్వాత రుతుపవనం రెండు వారాలకు పైగా ఆగింది. కొన్ని చేలల్లో మళ్లీ విత్తనం పెట్టాల్సి వచ్చింది. ఒకే ఊళ్లో ఒక చేను మే పత్తి, ఇంకోటి జూన్ చివరి పత్తి.

గులాబీ పురుగుకు పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. నిద్రలో ఉన్న పురుగు తొలి వానలకు రెక్కల పురుగై లేస్తుంది. అప్పటికి చేలో మొగ్గలే లేకపోతే గుడ్డు పెట్టినా పిల్లకు తిండి లేక తరం అక్కడే ఆగిపోతుంది. అందుకే జూన్‌కు ముందు పత్తి విత్తనం రైతులకు అమ్మొద్దని మహారాష్ట్రలో కొన్నేళ్లు ఆంక్ష పెట్టారు. మేలో వాన పడి, మేలో పత్తి పెడితే లేచిన పురుగుకు మొగ్గ సిద్ధంగా దొరుకుతుంది. ముందు పత్తిలో పెరిగిన తరం వెనక పత్తి మీద పడుతుంది.

అంటే అకాల వాన పురుగును లేపడంతో పాటు రైతును కూడా ముందే విత్తమని ఊరిస్తోంది. బీటీకి అలవాటు పడటం విత్తనాల కథ. ఈ రెండో కథలో వాతావరణం ఉంది, ఒప్పుకుంటాను. కానీ దీనికి కూడా మన చేతిలో మందు ఉంది. ఊరంతా ఒకే పది పదిహేను రోజుల్లో విత్తాలి, డిసెంబరు చివరికల్లా పరాటీలు (పత్తి కట్టెలు) పీకేయాలి. ఒక్కడు ఫర్దడ్ ఉంచినా చుట్టుపక్కల అందరికీ దెబ్బే. పీకిన పరాటీలను చేను గట్టున కుప్ప పెట్టినా లాభం లేదు. కాయలు అందులోనే ఉంటాయి. ముక్కలు కొట్టి దుక్కిలో కలపాలి.


అంకీసా_అక్క (సిరోంచ తాలూకా)

మిర్చి గురించి నేను చెప్తాను, మా ఇంట్లో ఆ పంట నేనే చూసుకుంటాను.

నల్ల తామర పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిందట. ఇండోనేషియా వైపు పురుగు. 2021లో తెలంగాణ, ఆంధ్రలో మిర్చి మీద విరుచుకుపడింది, మాకు గోదావరి దాటితే చాలు. పాత తామర పురుగు ఆకుల్లో ఉండేది, ఆకు పైకి ముడిచేది. ఇది పువ్వులో దూరి కూర్చుంటుంది. ఒక పువ్వు తెల్ల కాగితం మీద దులిపితే నల్లగా పదీ ఇరవై రాలతాయి. పువ్వు లోపల ఉన్నదానికి మందు ఎట్లా తగులుతుంది? మొదటి ఏడాది మా వైపు జనం మూడు రోజులకొకసారి కొట్టారు, దొరికిన మందునల్లా కలిపారు. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది. మందు ఎక్కువ కొట్టిన చేలల్లో దాన్ని తినే చిన్న నల్లులు కూడా చచ్చాయి.

పెద్ద వాన పడితే తామర పురుగులు కొట్టుకుపోతాయి. మట్టిలో ఉన్న గూడు దశ కూడా మునుగుతుంది. వాన వెలిసి ఎండు గాలి తిరిగితే మళ్లీ పుంజుకుంటాయి. కాబట్టి పూత దశలో పెద్ద ఎండు పడితే కళ్లు పెట్టి చూడాలి, ముసురులో తొందరపడి కొట్టనక్కర్లేదు. మేము చేస్తున్నవి: చుట్టూ మూడు వరసలు జొన్న, నారు నాటినప్పటి నుంచే నీలి జిగురు అట్టలు, యూరియా తగ్గించడం, వీలైన చోట మల్చింగ్ షీటు. షీటు ఉంటే పురుగు కింద పడి మట్టిలోకి దూరలేదు. వేప నూనె సాయంత్రం పూట, పువ్వుకు తగిలేలా కొడతాం. ఇవన్నీ కలిసి పనిచేస్తాయి, ఒక్కటి చేసి ఆపేస్తే ఫలితం కనపడదు.


రాజురా_చేను

బీమా సంగతి ఎవరికైనా తెలుసా? పురుగు వల్ల పోతే వస్తుందా?


పాఠశాల_పాండర్‌కవడా (యవత్మాళ్ జిల్లా)

2025 ఖరీఫ్‌కు ముందు మహారాష్ట్రలో వడగళ్లు, చేను మునగడం లాంటి వాటికి 72 గంటల్లో ఫిర్యాదు చేస్తే ఒక్క చేనుకైనా లెక్క చూసేవారు. పురుగు అప్పుడు కూడా అందులోకి వచ్చేది కాదు. పురుగు నష్టం ఊరు లేదా మండల్ సగటు దిగుబడి లెక్కలో కలుస్తుంది. చుట్టుపక్కల అందరికీ దిగుబడి పడిపోతేనే డబ్బు వస్తుంది. మీ ఒక్క చేనే పోతే బీమాతో లాభం లేదు. పురుగు ఏ ఊళ్లో ఎప్పుడు పెరిగిందో రికార్డు ఉంటే కనీసం తాలూకా ఆఫీసులో మాట్లాడే అవకాశం ఉంటుంది.


కీటకశాస్త్రం_అకోలా

రికార్డు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2008లో విదర్భ, మరాఠ్వాడాల్లో సోయా చిక్కుడు మీద లద్దె పురుగులు పడి పెద్ద నష్టం జరిగాక మహారాష్ట్రలో క్రాప్‌సాప్ అనే పురుగుల నిఘా కార్యక్రమం మొదలుపెట్టారు. పొలాల్లో లెక్కలు తీసి, పురుగు సంఖ్య మందు కొట్టాల్సిన హద్దు దాటిన చోట హెచ్చరిక ఇస్తారు. మీ ఊరి వ్యవసాయ శాఖ ఉద్యోగిని (కృషి సహాయక్ అనేవారు) అడిగితే మీ పక్క ఊరి లెక్క ఏమిటో తెలుస్తుంది. అడిగేవాళ్లు లేకపోతే ఆ లెక్క కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది.

పత్తికి హద్దు గుర్తుంచుకోవడం సులువు. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని పట్టేది) వరసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే చర్య తీసుకోవాలి. లేదా చేను నాలుగు వైపుల నుంచి 20 పచ్చి కాయలు కోసి చీల్చండి. రెండింటిలో పురుగు ఉంటే 10 శాతం, హద్దు వచ్చేసినట్టే. గుడ్డి పూలు (లోపల పురుగుండి విచ్చుకోని పూలు) కూడా వందకు పది దాటితే అంతే. వరిలో దోమకు పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక నుంచి 20–25. ఈ హద్దులోపు ఉంటే కొట్టకండి. విత్తిన రోజులు లెక్కపెట్టి కొట్టే పద్ధతి చలి, వాన ఒక తీరున నడిచిన కాలానిది.


గోదావరి_గట్టు (సిరోంచ)

అయితే ఒక పని చేద్దాం. ఈ సీజన్‌లో పత్తి వేసేవాళ్లు ఎకరాకు నాలుగు బుట్టలు పెట్టండి, కుదరనివాళ్లు కనీసం చేనుకు రెండు. ప్రతి ఆదివారం ఈ థ్రెడ్‌లోనే తాలూకా పేరు, విత్తిన వారం, బుట్టలో సగటున ఎన్ని పడ్డాయి, ఆ వారం వాన పడిందా లేదా అని నాలుగు ముక్కలు రాయండి. కిన్వట్‌లో లేచిన వారం మాకు తెలిస్తే మేము కాయలు చీల్చి చూసుకుంటాం. మిర్చి వాళ్లు పది పూలు దులిపిన లెక్క రాయండి. మహేంద్రతనయ అన్నా, మీరు వరి దుబ్బుల లెక్క పెట్టండి, మాకు కూడా పనికొస్తుంది. కొట్టు బావ తన గోడ మీద ఇది రాసి పెడతాడు, ఫోన్ లేనివాళ్లకు.


మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)

తప్పకుండా. మా దగ్గర ఇంకో ఇద్దరు రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లనూ చేరుస్తాను.


పెన్‌గంగ_పత్తి (కిన్వట్, నాందేడ్ జిల్లా)

నేను సిద్ధం. మా ఊళ్లో ఫర్దడ్ ఉంచిన చేలు ఎన్నో కూడా జనవరిలో రాస్తాను. తమ్మీ అకోలా, బుట్టలో పెట్టే వాసన బిళ్ల, అదే లూర్, ఎన్నాళ్లకు మార్చాలి? మా వాళ్లు ఒకసారి పెట్టి సీజనంతా అదే ఉంచుతున్నారు, చివరికి పురుగు పడటం లేదని సంబరపడుతున్నారు.


కీటకశాస్త్రం_అకోలా

మూడు నాలుగు వారాలకు మార్చాలి అన్నా. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది, ప్యాకెట్ మీద చూడండి. లూర్ వాసన పోయాక బుట్ట ఖాళీగా ఉంటే పురుగు లేదని అర్థం కాదు. బుట్టను పంట పైకొసకు ఒక అడుగు ఎత్తులో కట్టి, పంట ఎదిగేకొద్దీ పైకి జరపండి. గులాబీ పురుగు లూర్ వేరు, కత్తెర పురుగు లూర్ వేరు. ఒకటి పట్టుకున్న చేత్తో ఇంకోటి ముట్టుకోకండి, వాసన కలిసిపోతుంది. తీసేసిన పాత లూర్‌ను చేలో పడేయకుండా ఇంటికి తెచ్చి పాతిపెట్టండి. లెక్క రాసే ఆదివారం కొత్తది పెట్టిన రోజైతే ఆ మాట కూడా పక్కన రాయండి, లేకపోతే సంఖ్య హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తుంది.